యుద్ధాన్ని ముందు చిట్టాలో రాసుకో

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి పెద్ద మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోను చేసింది. రాత్రి రెండు దాటినా నీ గదిలో దీపం ఆరడం లేదట. కంచం ముందు కూర్చున్నా ఒక చేతిలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ మ్యాపు ఉంటోందట. పరీక్ష పుస్తకాలు కట్ట విప్పకుండా అలాగే ఉన్నాయట. నిన్ను మందలించమని అడిగింది. మందలించను. నువ్వు వైద్యం చదువుకున్న ఊరు కాలిపోతుంటే చూడవద్దని ఏ నోటితో చెప్పగలను? చూడు. ఎలా చూడాలో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే సగం విని ఊరుకుంటావు, కాగితమైతే మళ్లీ తీసి చదువుకుంటావని రాస్తున్నాను.

నూనె వ్యాపారికి యుద్ధం గురించి ఏం తెలుసని అనుకోకు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగిన వారంలోనే మా బడా బజారులో పదిహేను కిలోల డబ్బాల కోసం జనం తోసుకున్నారు. అప్పటికి మన దేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌దే, మిగిలినదానిలో సింహభాగం రష్యాది. నల్లసముద్రం రేవులు మూతపడ్డాయి. అది చాలదన్నట్టు ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఆ నెలల్లో గంటకొక మాట పుట్టేది. ఒడెస్సా రేవు తెరిచారని ఒకరు, కాకినాడకు ఓడ వస్తోందని ఇంకొకరు. అలాంటి మాట నమ్మి సరుకు కొన్నవాడు, అమ్మినవాడు ఇద్దరూ మునిగిపోవడం కళ్లారా చూశాను. నిజంగా ఒడెస్సా నుంచి తొలి ధాన్యం ఓడ కదిలింది ఆగస్టు 1న. పేరు రజోని. అందులో ఉన్నది 26 వేల టన్నుల పైచిలుకు మొక్కజొన్న, నూనె కాదు. పైగా లెబనాన్‌లో దానికోసం ఎదురుచూడాల్సిన కొనుగోలుదారు, ఆలస్యమైందని సరుకే వద్దన్నాడు. ఓడ కదిలిందన్న ఒక్క వార్త వెనక ఇంత కథ ఉంటుంది.

అందుకని నీకు చెప్పే మొదటి పని ఇది. మా దుకాణంలో రెండు పుస్తకాలుంటాయని నీకు తెలుసు. ఏ రోజుది ఆ రోజు రాసేది చిట్టా. సరిచూసుకుని, పద్దు తేలాక ఎక్కించేది ఆవర్జా. యుద్ధ వార్తకు కూడా అలాగే రెండు పుస్తకాలు పెట్టుకో. విన్నది తేదీ వేసి చిట్టాలో రాయి. ఎవరు చెప్పారు, ఆ చెప్పినవాడు అక్కడ ఉన్నాడా లేక ఇంకొకరు చెబితే విన్నాడా, ఆ మాట నిలబడితే ఎవరికి మేలు, ఈ మూడూ పక్కన రాయి. మూడు రోజులు ఆగు. అప్పటికీ నిలిచిన మాటనే ఆవర్జాకు ఎక్కించు. ఆవర్జాకు ఎక్కని మాటను ఇంకొకరికి పంపవద్దు, దాని మీద ఏడవవద్దు, దానికోసం ఎవరితోనూ తగాదా పడవద్దు.

ఈ పద్ధతి ఎందుకో ఈ యుద్ధమే చెబుతుంది. మొదటి రోజునే నల్లసముద్రంలోని పాముల దీవిలో 13 మంది ఉక్రెయిన్ సైనికులు లొంగకుండా ప్రాణాలిచ్చారన్నారు. స్వయంగా దేశాధ్యక్షుడే వాళ్లకు మరణానంతర గౌరవం ప్రకటించాడు. నాలుగు రోజులు తిరక్కుండానే వాళ్లు బతికే ఉన్నారని, శత్రువు చేతిలో బందీలుగా ఉన్నారని అదే దేశపు నౌకాదళం చెప్పింది. అందులో మోసమేమీ లేదు. దీవితో సంబంధాలు తెగిపోయాయి, తెలియలేదు, అంతే. అదే రోజుల్లో ఒంటరిగా శత్రు విమానాలను కూల్చేస్తున్న పైలట్ అంటూ ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది. అది కంప్యూటర్ ఆటలోని దృశ్యం. ఆ పైలట్ కల్పిత వీరుడని రెండు నెలలకు అక్కడి వైమానిక దళమే ఒప్పుకుంది. ఇక 2022 నవంబరు 15న, మనకు రాత్రివేళ, పోలండ్‌లోని ప్షెవోదుఫ్ అనే పల్లెలో క్షిపణి పడి ఇద్దరు చనిపోయారు. రష్యా నాటో సైనిక కూటమిలోని దేశాన్ని కొట్టిందని, మూడో ప్రపంచ యుద్ధం వచ్చేసిందని తెల్లవార్లూ గోల. మర్నాడే నాటో అధినేత, అది బహుశా ఉక్రెయిన్ తన రక్షణ కోసం వదిలిన క్షిపణి అని చెప్పాడు. ఆ రాత్రి కంటి మీద కునుకు లేకుండా కూర్చున్నవాళ్లకు దక్కిందేమిటి? పడుకుని లేచినవాడికీ వాళ్లకూ తెలిసింది ఒక్కటే, వాళ్లకు తలనొప్పి అదనం.

రాత్రి మేలుకోవడం దండుగ అని నేననేది గడియారాన్ని బట్టే. వేసవిలో అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక, శీతాకాలంలో మూడున్నర. అక్కడ అర్ధరాత్రి పడిన డ్రోను మనకు తెల్లవారుజామున పడినట్టు. ఎక్కడ పడింది, ఎందరికి తగిలింది, ఏ వీధికి కరెంటు పోయింది అనేవి అక్కడివాళ్లు లేచి, శిథిలాలు తొలగించాక కదా తేలేది. మన ఉదయం పది గంటలకు ఒకసారి, సాయంత్రం దీపాలు పెట్టాక ఒకసారి చూడు. మధ్యలో ఫోనును నీ గదిలో ఉంచవద్దు, మీ అమ్మ దగ్గర పెట్టు.

రెండో సంగతి. మ్యాపు మొత్తాన్ని మోయకు. బఖ్‌ముత్, అవ్‌దీవ్‌కా, పోక్రోవ్‌స్క్ అంటూ ఊరి తర్వాత ఊరు మీద పడి ఇంత ముందుకు, అంత వెనక్కు అని లెక్కలు వేస్తే యుద్ధం ఒక పందెంలా కనిపించడం మొదలవుతుంది. ఒక ఊరిని పట్టుకో. నీకు ఖార్కివ్ ఉంది. రష్యా సరిహద్దుకు 30 కిలోమీటర్ల పైచిలుకు, ఇంచుమించు ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చినంత దూరం. అందుకే అక్కడ కొన్నిసార్లు సైరన్ మోగేలోపే క్షిపణి వచ్చి పడుతుంది. అందుకే పిల్లలకు మెట్రో స్టేషన్లలో తరగతులు పెట్టారు, 2024లో ఏకంగా నేల కింద బడి కట్టి తెరిచారు. ఇలాంటి వార్తలు చదువు. నీకు తెలిసిన ట్రామ్ నడుస్తోందా, నువ్వు రొట్టె కొన్న అంగడి తెరుస్తున్నారా, ఆ ఊరి సాల్టివ్‌కా పేటలో పగిలిన కిటికీలకు అద్దాలు వేశారా, అది తెలుసుకో. ఒక్క ఊరిని ఇంత దగ్గరగా తెలుసుకున్నవాడికి మిగతా ఊళ్ల బాధ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మన ఇంట్లోనే ఉంది. నీ ముత్తాత గోపాలపూర్ రేవులో ఓడెక్కి రంగూన్ పనికి వెళ్లాడు. గంజాం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి ఎంత మంది అలా వెళ్లారో ఇక్కడి ప్రతి ఇంటికీ తెలుసు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడలు దొరికినవాళ్లు ఎక్కారు, మిగిలినవాళ్లు అరకాన్ కొండల మీదుగా, అస్సాం అడవుల మీదుగా కాలినడకన బయలుదేరారు. ఆకలితో, జ్వరాలతో దారిలోనే ఎందరో రాలిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడేసరికి ఇక్కడ ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇంగ్లీషువాడు గెలుస్తాడా, జపాన్‌వాడు గెలుస్తాడా అని అరుగుల మీద మగవాళ్లు వాదించుకుంటుంటే, మా నాయనమ్మ తిరిగివచ్చిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్లి రెండే ప్రశ్నలు అడిగేదట. ఏ దారిన వచ్చారు? మీ వెనక ఎవరెవరు ఉన్నారు? ఆమెకు చదువు రాదు. అయినా ఏ రేవులో ఓడలు ఆగిపోయాయో, ఏ కనుమలో కలరా ఉందో ఈ ప్రాంతంలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అనేవారు. తన మనిషి ఎక్కడున్నాడో వెతికింది కాబట్టి ఆమెకు అంత తెలిసింది.

నీకూ అక్కడ మనుషులున్నారు. మీ హాస్టల్ వార్డెనమ్మ ఇంకా సాల్టివ్‌కాలోనే ఉందని చెప్పావు. ఆమెకు రాసేటప్పుడు బాంబులు పడ్డాయా, క్షేమమా అని ప్రతి సైరన్‌కూ అడగవద్దు. ఆ ప్రశ్నకు జవాబు రాయడం కూడా ఆమెకు ఒక పనే. ఇక్కడ వాన పడిందని, అమ్మ పనస కూర వండిందని, పర్లాకిమిడిలో రథం కదిలిందని రాయి. జవాబు రాకపోతే నిష్ఠూరమాడకు. ఆమె పంపిన ఫొటోలు, ముఖ్యంగా సైన్యం గానీ దాడి జరిగిన చోటు గానీ కనిపించేవి, ఎక్కడా పెట్టకు. సైనిక కదలికల ఫొటోలు బయటపెట్టడం 2022 మార్చి నుంచి అక్కడ నేరం. నీ ఉత్సాహం ఆమె ప్రాణం మీదకు రాకూడదు.

ఇప్పుడు నవ్వుల సంగతి. నువ్వు చెప్పే చావు జోకులు విని మీ అమ్మ భయపడుతోంది, నీ మనసు రాయి అయిపోయిందేమోనని. నాకు ఆ భయం లేదు. 2022 మార్చి 2న, సాయంత్రం 6 గంటలలోపు ఖార్కివ్ వదిలి పెసోచిన్, బాబాయ్, బెజ్‌ల్యూదివ్‌కా అనే ఊళ్లకు నడిచైనా చేరమని మన రాయబార కార్యాలయం చెప్పింది. ముందు రోజే తిండి కోసం బయటికి వచ్చిన కర్ణాటక విద్యార్థి ఒకడు అక్కడ చనిపోయాడు. ఆ మంచులో నడుస్తూ మీ తెలుగు పిల్లలు, బాబాయ్ దాకా వెళ్తున్నాం, పిన్ని అన్నం పెడుతుందో లేదో అని నవ్వుకున్నారని చెప్పావు. ఆ మాట విన్న రోజు నాకు ఏడుపొచ్చింది. ఆ నవ్వు మీది. కాళ్లు ముందుకు పడటానికి మీకు అది అవసరమైంది. ఉక్రెయిన్‌వాళ్లు కూడా వదిలేసిన రష్యా ట్యాంకులను ట్రాక్టర్లకు కట్టి లాగుతూ నవ్వుకున్నారు, పాముల దీవి సైనికుడి బొమ్మతో తపాలా బిళ్ల వేసి దానికోసం బారులు తీరారు. వాళ్ల అధ్యక్షుడే హాస్యనటుడిగా బతికిన మనిషి. బాంబు కింద ఉన్నవాడి నవ్వును ఎవరూ తప్పుపట్టలేరు.

టీ బడ్డీ దగ్గర, ఈ రోజు స్కోరెంత అని అడిగి నవ్వేవాడి నవ్వు వేరు. దానికి నువ్వు తోడు నవ్వవద్దు. నీ జోకును కూడా అక్కడ విప్పకు. అది విన్నవాడు నవ్వుతాడు గానీ ఆ నడక వాడికి కనిపించదు. చచ్చిన రష్యా సైనికుల మీద వేసే జోకుల విషయంలోనూ ఇదే నా మాట. రష్యాలోని బుర్యాతియా, తువా లాంటి పేద ప్రాంతాల కుర్రాళ్లు డబ్బుకోసం సంతకం పెట్టి అక్కడికి వస్తున్నారు. యుద్ధం మొదలుపెట్టిన రష్యా ప్రభుత్వాన్ని ఎంత తిట్టాలో అంతా తిట్టు, నేనూ తిడతాను. ఆ శవాన్ని చూసి మాత్రం నవ్వకు.

నీ కోపం నాకు అర్థమవుతుంది. 2022 మార్చి 2న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో 141 దేశాలు రష్యాను వెనక్కి పొమ్మన్నాయి. ఐదు వద్దన్నాయి, మన దేశంతో సహా 35 తటస్థంగా ఉన్నాయి. యుద్ధం ఆగలేదు. యుద్ధానికి ముందు మన ముడి చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతంలోపే, తర్వాత మూడో వంతు దాటింది. ఇవన్నీ చూసి, మనవాళ్లకు పట్టదా అని నువ్వు బల్ల గుద్దుతావు. గుద్దు. కానీ ఊళ్లో ప్రతివాడితో, రష్యా మన పాత మిత్రుడు అన్న ప్రతి పెద్దమనిషితో రాత్రి పదింటిదాకా వాదించకు. వాళ్ల మనసు మారదు, నీ గొంతు పోతుంది.

ఆ కోపాన్ని పెట్టే చోటు ఒకటి ఉంది. రష్యాలో కొలువు, సహాయకుడి పని, మంచి జీతం అని చెప్పి మన కుర్రాళ్లను తీసుకెళ్లి సైన్యంలో దింపిన దళారుల సంగతి నీకు తెలుసు. 2024లో హైదరాబాద్ యువకుడు ఒకడు అలాగే వెళ్లి చనిపోయాడు. ఆ మార్చిలోనే సీబీఐ అలాంటి ముఠా మీద కేసు పెట్టింది. గంజాం, గజపతి జిల్లాల నుంచి పనికోసం దూరం పోయేవాళ్లకు లెక్క లేదు. రేపు ఆ దళారి ఇక్కడికి రాడని ఎవరు చెప్పగలరు? నీకు రష్యన్ అక్షరాలు వచ్చు, ఆ కాగితం చదవగలవు. ఏజెంటు పేరు విదేశాంగ శాఖ నమోదు చేసిన ఏజెంట్ల ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసి చెప్పగలవు. అర్ధరాత్రి మ్యాపు చూడటంకంటే ఇది యుద్ధానికి ఎదురు నిలవడం అని నా నమ్మకం.

పరీక్ష గురించి ఎక్కువ రాయను. విదేశంలో వైద్యం చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈలో 300 ప్రశ్నలు, 150 రావాలి. ఖార్కివ్ నీకు నేర్పిన వైద్యం ఇక్కడ ఒక రోగికి అందాలంటే ఆ 150 దాటాలి. ఉదయం పది గంటల వార్త అయ్యాక పుస్తకం తెరువు.

కాశీనగర్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు నా దగ్గరికి వచ్చారు. చేతిలో రష్యన్‌లో అచ్చయిన ఒప్పందం ఉంది, ఏమిటో ఏజెంటు చెప్పడట. సంతకం పెట్టవద్దని ఆపి, నీ చిరునామా ఇచ్చాను. గురువారం పొద్దున్న బస్సుకు పర్లాకిమిడి వస్తారు. కూర్చోబెట్టి, మొదటి పుట నుంచి చివరిదాకా చదివి, ఏముందో వాళ్లకు తెలుగులో చెప్పు. భోజనం పెట్టి పంపమని మీ అమ్మతో చెప్పు.

ఇట్లు
నీ పెద్ద మామయ్య