పెన్సిల్ గీతలున్న పుస్తకం

ప్రశ్న: మావారు ఇంగ్లీషు లెక్చరర్. పెళ్లయి పదహారేళ్లు. మొన్న నా పుట్టినరోజుకి ఈడిత్ వార్టన్ నవల ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్’ చేతిలో పెట్టి, “ఇందులో మే అచ్చం నీలాగే ఉంటుంది” అన్నారు. కష్టపడి చదివాను. ఆయన పెన్సిల్‌తో గీసినవన్నీ మేకి సొంత ఆలోచన లేదనే చోట్లే. చివరి అధ్యాయంలో మాత్రం ఒక్క గీతా లేదు. ఇంతకీ మే మంచిదా, మాయలాడా? మా మధ్య గొడవలేమీ లేవు. ఏడాదిగా పెద్దగా మాటలూ లేవు.

జవాబు: అమ్మా, మే ఎలాంటిదో తేల్చడానికి ఎం.ఏ. పరీక్షలున్నాయి. నాకు మీ ఆఖరి వాక్యం చాలు. దాన్ని ఏదో మర్చిపోయి రాసినట్టు చివర్న పెట్టారు.

పుట్టినరోజుకి చీర కొనకపోయినా ఊరుకోవచ్చు. తన మనసులో మాట వేరొకరి పుస్తకంలో చుట్టి ఇచ్చే మగాడి దగ్గర ఊరుకోకూడదు. మిమ్మల్ని మే అన్నారంటే, తనని మే మొగుడు న్యూలాండ్ ఆర్చర్ అనుకుంటున్నట్టే కదా. ఆ న్యూలాండ్ సంగతి చూడండి. 1870ల న్యూయార్క్‌లో పేరున్న కుటుంబం, లాయరు. ఆడవాళ్లకీ మగవాళ్లంత స్వేచ్ఛ ఉండాలంటాడు. మే కజిన్ ఎలెన్, పోలండ్ కౌంట్ అయిన మొగుణ్ణి వదిలి వచ్చి విడాకులు కావాలంటే, కుటుంబం తరఫున వెళ్లి వద్దని ఒప్పించిందీ ఈయనే! ఆ తర్వాత ఆమెనే ప్రేమిస్తాడు. (రాసినావిడ మాత్రం 1913లో, 51 ఏళ్ల వయసులో, విడాకులు తీసుకున్నాకే 1920లో ఈ నవల వేసింది. నలుగురూ ఏమంటారో ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు.)

ఇక మే. పెళ్లికి ముందే, ఫ్లోరిడాలో, సూటిగా అడుగుతుంది: మీ మనసులో ఇంకెవరైనా ఉన్నారా, ఉంటే నేను అడ్డు రాను అని. ఆమె అనుమానం ఎప్పటిదో పాత వ్యవహారం మీద. ఆయన హమ్మయ్య అనుకుంటాడు తప్ప ఎలెన్ పేరెత్తడు. ఒకసారి అడిగి నిజం దక్కని ఆడది మళ్లీ అడగదు, పనులు చక్కబెట్టుకుంటుంది. కడుపుతో ఉన్నానని ఇంకా ఖాయం కాకముందే, రెండు వారాల ముందే, వెళ్లి ఎలెన్‌తో చెప్పేస్తుంది. అది విని ఎలెన్ తప్పుకుంటుంది. అది మాయే, కాదనను. కానీ ఆ మాయ నేర్పిందెవరు?

మీవారి పెన్సిల్ చేరని ఆ చివరి అధ్యాయమే నన్ను పట్టుకుంది. ఇరవయ్యారేళ్ల తర్వాత, మే పోయాక, పారిస్‌లో కొడుకు డల్లాస్ తండ్రితో అంటాడు: అమ్మ అడిగితే మీరు అన్నిటికన్నా కావాలనుకున్నది వదులుకున్నారట, చనిపోయే ముందు రోజు నాతో చెప్పింది అని. తను నన్నెప్పుడూ అడగలేదు అంటాడు న్యూలాండ్. అవునవును, మీరిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ ఏమీ అడగలేదుగా అంటాడు కొడుకు. ఆయన తెల్లబోతాడు. అంటే మేకి మొదట్నుంచీ అంతా తెలుసు. బుర్ర లేనిది ఎవరంటారు?

మీరూ అడగలేదు. అత్తగారికి తెలిస్తే బాధపడతారనో, పిల్లల పరీక్షలనో. సర్దుకుపోవడం నాకూ తెలుసు, సగం జీవితం అదే చేశాను. కానీ భర్త మనల్ని తెలివితక్కువదని చదువుకోమని ఇస్తే, చదివి బుద్ధిగా అల్మరాలో పెట్టడం సర్దుకుపోవడం కాదు.

ఈ ఆదివారం ఆయన కాఫీ తాగుతున్నప్పుడు పుస్తకం ముందు పెట్టండి. “నేను మే అయితే మీరెవరు? మూడో ఆవిడ ఎవరు?” అనండి. ఎవరూ లేరనే అనొచ్చు, అది నిజమే కావచ్చు కూడా. అప్పుడు ఏడాదిగా మాటలు ఎందుకు లేవో అడగండి. జవాబు వచ్చేదాకా కదలకండి. కుక్కర్ మూడో విజిల్ వేసినా సరే.