సున్నా వేసే ముందు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకు నువ్వు కొల్లేరు వెళ్తున్నావని అక్క ఫోనులో చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో కొంతసేపు, భయంతో మరికొంతసేపు నాకు నిద్ర పట్టలేదు.

బైనాక్యులర్లు, మంచినీళ్ళు, నోటుపుస్తకం సంగతి నీకు చెప్పనక్కరలేదు. గుంపు పెద్దదైతే, పది పక్షులు ఎంత మేర పరుచుకున్నాయో చూసుకుని, ఆ కొలతతో మిగతా గుంపును అంచనా వెయ్యి. చేపల చెరువుల కాపలావాళ్ళు టపాకాయ పేల్చారంటే నీటికాకులు లేచి పక్క చెరువులో వాలతాయి. వాటినే మళ్ళీ లెక్కపెట్టకు.

నేను చేసిన తప్పు మాత్రం వివరంగా చెప్పాలి. ఈ గణన 1987లో మొదలైన కొన్నేళ్ళకు, కొల్లేటి గట్టు ఒకటి నా వంతుకు వచ్చింది. తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, చేతిలోని పెన్సిలు ములుకు దాటి ఏమీ కనబడలేదు. ఈలవేసే బాతుల కూత మాత్రం వినబడుతూనే ఉంది. రెండు గంటలు నిలబడి, బస్సు తప్పిపోతుందన్న తొందరలో గణన కాగితం మీద ఆ బాతుల గడిలో సున్నా వేసి వచ్చేశాను. మరుసటి ఏడు అదే గట్టు నుంచి వందల బాతులు కనబడేసరికి, పక్షులు పెరిగాయని ఊరంతా చెప్పి, బడిలో పిల్లల చేత చప్పట్లు కూడా కొట్టించాను. తరువాత ఎప్పుడో పాత పుస్తకంలో, ఆ తేదీ పక్కన ‘మంచు’ అని నా చేతిరాతే కనబడింది. బాతులు పెరిగాయో తగ్గాయో ఆ రెండు లెక్కలనుబట్టి ఎవరూ చెప్పలేరు. కాగితం అప్పటికే పైకి వెళ్ళిపోయింది. తప్పు ఒప్పుకుని దిద్దించడానికి నాకు సిగ్గు అడ్డం వచ్చింది.

అందుకని, బాగా చూసి, లేవని తేలితేనే సున్నా వెయ్యి. చూడలేకపోతే గడి ఖాళీగా వదిలి కారణం రాయి. ఎక్కడ నిలబడ్డావో, ఎన్నింటికి మొదలుపెట్టి ఎంతసేపు చూశావో, నీరు ఎంతవరకు ఉందో కూడా రాస్తే, వచ్చే ఏడు వెళ్ళేవాళ్ళు అదే గట్టున అదే వేళకు నిలబడి పోల్చగలుగుతారు.

ఇక దోనె సంగతి. మొండిదానివి, వద్దంటే వినవు. ఎనిమిదో ఏట మన ఊరి కాలవ మెట్ల మీద జారినప్పుడు జడ పట్టుకుని పైకి లాగినవాణ్ణి నేనే. నీకు ఇప్పటికీ ఈత రాదు. గట్టు మీద నుంచి కనబడని పక్షుల కోసం దోనె ఎక్కవద్దు, ఆ గడి ఖాళీగానే పంపు. సాయంత్రం ఆరులోగా అక్కకు ఫోను చెయ్యి, ఆ తరువాత నాకు.

మీ మామయ్య