పాత గాస్కెట్ వదలకపోతే డ్రిల్లు పట్టుకోవాలా?

ప్రశ్న: హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగం హెడ్‌కీ, కింది భాగం బ్లాక్‌కీ మధ్య లీకు ఆపే పలక) పోవడంతో కారు ఇంజన్ ఇంట్లోనే విప్పాను. హెడ్ అల్యూమినియం, బ్లాక్ క్యాస్ట్ ఐరన్. పాత గాస్కెట్ ముక్కలు అంటుకుపోయి ఎంత గీకినా రావట్లేదు. డ్రిల్లుకి ఎమరీ డిస్క్ పెట్టి రుద్దితే పది నిమిషాల పని అంటున్నాడు మా ఫ్రెండ్. చేయొచ్చా?

జవాబు: వద్దు. పది నిమిషాల్లో తళతళలాడే మాట నిజమే కానీ అసలు టెన్షన్ ఇంజన్ స్టార్ట్ చేశాక మొదలవుతుంది. అలాంటి డిస్కుల్లో సాధారణంగా ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ రజను, ఉక్కు కంటే గట్టిది. తిరిగేటప్పుడు అది రాలి ఆయిల్ దారుల్లోకి దిగుతుంది, ఫిల్టర్ మొత్తాన్నీ ఆపలేదు, మెత్తటి బేరింగుల్లో గుచ్చుకుపోయి, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్‌ని అరగదీస్తూ కూర్చుంటుంది. ఇందుకే అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఈ డిస్కులు వాడొద్దని తన మెకానిక్‌లకి సర్వీస్ బులెటిన్ కూడా ఇచ్చింది. పైగా అల్యూమినియం మెత్తన, డిస్క్ ఒక్కచోట కాసేపు ఆగినా గుంట పడుతుంది, అది కంటికి కనపడదు, గాస్కెట్‌కి మాత్రం తెలుస్తుంది. వేలికి ఎమరీ పేపర్ చుట్టి రుద్దడమూ ఇదే బాపతు.

ముందు పిస్టన్లన్నీ సగం లోతుకి దించి, సిలిండర్లలో, నీళ్ల దారుల్లో, ఆయిల్ కన్నాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కండి. గాస్కెట్ రిమూవర్ స్ప్రే కొట్టి, డబ్బా మీద రాసినంత సేపు వదిలేయండి. గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి, గాలి ఆడే చోటే చేయాలి, పెయింట్ మీద పడితే అదీ లేచిపోతుంది. మెత్తబడిన ముక్కని అల్యూమినియం మీద ప్లాస్టిక్ స్క్రేపర్‌తో, ఐరన్ మీద అయితే బ్లేడుని దాదాపు పడుకోబెట్టి తోయండి. రాకపోతే బలం పెంచొద్దు, మళ్లీ స్ప్రే కొట్టండి. బోరు కొట్టే పనే, ఒప్పుకుంటాను.

చివర్లో తెల్లగుడ్డ మీద బ్రేక్ క్లీనర్ వేసి, గుడ్డకి నలుపు అంటనంత వరకూ తుడవండి. గోటితో అడ్డంగా గీరి చూడండి, ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ ఇంకా ముక్క ఉన్నట్టే. ఏమీ తట్టకుండా మరక మాత్రమే మిగిలితే దాని జోలికి పోకండి.

చాలామంది వదిలేసేది బోల్టు కన్నాలు. అడుగున నూనో నీళ్లో నిలిచి ఉంటే బోల్టు బిగించేటప్పుడు ద్రవం అణగదు కాబట్టి టార్క్ (బిగింపు బలం) తప్పు చూపిస్తుంది, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. పాత హెడ్ బోల్టు మరల (థ్రెడ్) మీద నిలువుగా గాటు కోసి, కన్నంలో పెట్టి చేత్తో తిప్పితే లోపలి మురికి ఆ గాట్లోకి వచ్చేస్తుంది, తర్వాత గాలి కొట్టండి.

గుడ్డలు తీసేశాక స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని స్టీల్ పట్టీ) పెట్టి పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకి దాని కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడండి. మీ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దే లెక్క, చాలా ఇంజన్లకి 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉంటుంది. దాటితే లేత్ షాపులో ఫేసింగ్ (చదును) చేయించాల్సిందే.

ప్రశ్న: కొత్త హెడ్ గాస్కెట్‌కి రెండు వైపులా సిలికాన్ రాస్తే మంచిదా?

జవాబు: రాయొద్దు. స్టీల్ పొరల గాస్కెట్లకి పూత ఫ్యాక్టరీలోనే వేసి వస్తుంది, పొడిగానే పెట్టాలి. టైమింగ్ కవర్ బ్లాక్‌తో కలిసే అతుకు లాంటి చోట ఒక చుక్క పెట్టమని మాన్యువల్ చెబితే అక్కడ మాత్రం పెట్టండి.