నాలుగో పేజీని తిరిగి రాయి

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

లినక్స్‌లో సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి ఎక్కించే ప్యాకేజీ మేనేజర్ల గురించి నీవు రాసి పంపిన వ్యాసం అందింది. ప్యాకేజీల నకళ్లను ఉంచి పంచే మిర్రర్ సర్వర్ల గురించి మొదటి పేజీలో రాసినది బాగుంది. నాలుగో పేజీ చదివిన తర్వాత మాత్రం వెంటనే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

డెబియన్, ఉబుంటు లినక్స్‌ల ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ గురించి అక్కడ నీ వాక్యం ఇది: ‘ఆప్ట్ అప్‌డేట్ చేసినప్పుడు నో పబ్‌కీ అని ఎర్రర్ వస్తే కంగారు పడకండి, సోర్సెస్ ఫైలులో ఆ రిపాజిటరీ పక్కన ట్రస్టెడ్ యెస్ అని చేర్చండి, ఎర్రర్ పోతుంది.’ ఎర్రర్ పోతుంది, నిజమే. నో పబ్‌కీ అంటే ఆ రిపాజిటరీ (ప్యాకేజీల భాండాగారం) సంతకాన్ని పరీక్షించే కీ యంత్రంలో లేదని; ట్రస్టెడ్ యెస్ అంటే సంతకం చూడకుండానే నమ్మమని. కానీ మొదటి పేజీలో నీవే ఏం రాశావు? మిర్రర్‌ను నడిపేవారు ఎవరో తెలియకపోయినా ఫరవాలేదని, డిజిటల్ సంతకం ఉంది గనుక దారిలో ఎవరు చెయ్యి పెట్టినా బయటపడుతుందని రాశావు. దేన్ని చూపించి పాఠకుడికి ధైర్యం చెప్పావో, మూడు పేజీలు తిరగకముందే దాన్నే తీసి పారెయ్యమన్నావు.

ఆ సంతకం ఎంత బరువు మోస్తున్నదో నీవు పూర్తిగా ఆలోచించలేదని నాకు అనిపించింది. డెబియన్‌లో గాని, ఉబుంటులో గాని ఆప్ట్ ఒక్కొక్క డెబ్ ఫైలు, అంటే ఒక్కొక్క ప్యాకేజీ, మీద సంతకం వెతకదు. ఇన్‌రిలీజ్ అనే ఒక్క ఫైలు మీద సంతకం ఉంటుంది. అందులో ప్యాకేజీల సూచీలకు సంబంధించిన షా-256 హ్యాష్‌లు, అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తులు, ఉంటాయి. ఆ సూచీల్లో ప్రతి డెబ్ ఫైలు హ్యాష్ ఉంటుంది. వేల ప్యాకేజీల మీద మనకున్న నమ్మకమంతా ఆ ఒక్క సంతకం మీద, దాన్ని పరీక్షించే కీ మీద నిలబడి ఉంది. పైగా ప్యాకేజీ ఎక్కేటప్పుడు దానిలోని స్క్రిప్టులు రూట్ అధికారంతో నడుస్తాయి. కాబట్టి ఒక కీని చేర్చమని పాఠకుడికి చెప్పడమంటే, ఫలానా వారికి నీ యంత్రం మీద సర్వాధికారం ఇవ్వు అని చెప్పడమే. ఆ ఫలానా వారు ఎవరో ఒక్క వాక్యమైనా రాయకుండా ఆదేశం మాత్రం రాసి ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అయిదో పేజీలో ఆప్ట్-కీ యాడ్ అన్న పాత పద్ధతి చూపించావు. అది తీసెయ్యి. ఆ పద్ధతిలో చేర్చిన కీని ఆప్ట్ అన్ని రిపాజిటరీలకూ చెల్లుబాటుగా చూసేది. ఒక బ్రౌజరు కోసం చేర్చిన కీతో ఎవరైనా డెబియన్ సొంత ప్యాకేజీల జాబితా మీద సంతకం పెట్టినా అది అంగీకరించేది. అందుకే దాన్ని వద్దన్నారు, 2025లో వచ్చిన డెబియన్ 13లో ఆ ఆదేశమే లేదు. కీని ఈటీసీ, ఆప్ట్ కింద కీరింగ్స్ డైరెక్టరీలో విడిగా పెట్టి, సోర్సెస్ ఫైలులో సైన్డ్-బై అని ఆ ఫైలు దారి రాస్తే, ఆ కీ ఆ ఒక్క రిపాజిటరీకే పరిమితమవుతుంది. అయినా ఆ రిపాజిటరీ నుంచి వచ్చే ప్యాకేజీ రూట్‌గానే నడుస్తుంది గనుక, సైన్డ్-బై రాసినంత మాత్రాన బయటివారు మనవారైపోరని కూడా రాయి.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించిన సంగతి. కీని గుర్తుపట్టడానికి దాని వేలిముద్రలో, అంటే కీ నుంచి లెక్కగట్టే అక్షరాల వరుసలో, నీవు చివరి ఎనిమిది అక్షరాలు మాత్రమే ఇచ్చావు. అవే ఎనిమిది అక్షరాలు వచ్చే దొంగ కీని మామూలు గ్రాఫిక్స్ కార్డుతో కొన్ని సెకన్లలో తయారు చేయవచ్చని 2014లోనే ఇద్దరు పరిశోధకులు చేసి చూపించారు. 2016లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ పేరుతో అలాంటి దొంగ కీలు, కీలను అందరికీ పంచే కీ సర్వర్లలో కనిపించాయి. నమ్మదగినది పూర్తి వేలిముద్ర ఒక్కటే, మొత్తం 40 అక్షరాలు. కీలను, సంతకాలను పరీక్షించే జీపీజీ ప్రోగ్రాములో షో-కీస్ ఆదేశానికి విత్-ఫింగర్‌ప్రింట్ చేర్చి కీ ఫైలు మీద నడిపితే, అవి నాలుగేసి అక్షరాల చొప్పున పది గుంపులుగా, మధ్యలో కాస్త ఎడంతో తెర మీదికి వస్తాయి. పాఠకుడు వేలు పెట్టి ఒక్కొక్క గుంపునే పోల్చుకోవాలి.

దేనితో పోల్చుకోవాలి? కీ దొరికిన వెబ్‌సైటులోనే వేలిముద్ర కూడా చూస్తే, ఆ సైటును ఆక్రమించినవాడు రెండింటినీ మార్చి ఉండవచ్చు. నీ వ్యాసం కాగితం మీద అచ్చవుతుంది. సర్వరులోకి చొరబడినవాడు ఎంతటివాడైనా, గుత్తిలోనో గుంతకల్లులోనో ఒక ఇంట్లో బల్ల మీదున్న పత్రికలోని అక్షరాన్ని మార్చలేడు. పాఠకుడికి రెండో సాక్ష్యం ఇవ్వగల అవకాశం మన చేతిలోనే ఉంది. అందుకే అచ్చులో రాసేవాడు 40 అక్షరాలూ అచ్చు వేయించి తీరాలని, ఏ తేదీన సరిచూశాడో పక్కన రాయాలని నేను పట్టుబడతాను. చాలా ఏళ్ల క్రితం ఒక మాసపత్రికకు ఇలాగే రాసి పంపితే, సంపాదకుడు ఆదేశాలన్నీ ఉంచి వేలిముద్ర ఉన్న రెండు వరుసలూ కొట్టేశాడు. పాఠకులకు అంకెలు విసుగు పుట్టిస్తాయని, పేజీలో చోటు లేదని సమాధానం వచ్చింది. అదే పేజీలో సగం మేర ప్రకటన ఉంది. ఆ కోపం నాకు నేటికీ తగ్గలేదు. అయిదు నిమిషాల్లో నేర్చుకోండి అనే ధోరణి అప్పటి నుంచి పెరుగుతూనే ఉంది, అందులో ముందుగా పోయేది ఎప్పుడూ సరిచూసుకునే వాక్యమే. నీ దగ్గర కూడా ఎవరైనా ఆ వరుసలు తీసెయ్యమంటే వ్యాసం వెనక్కి తెచ్చుకో.

ఎర్రర్‌ను పోగొట్టడం వేరు, అదేమంటున్నదో వినడం వేరు. నేను పనిచేసిన ఒక కళాశాల ప్రయోగశాలలో ఆర్చ్ లినక్స్ ఉన్న యంత్రం ఒకటి వేసవి సెలవుల తర్వాత ఏ ప్యాకేజీనీ ఎక్కించుకోలేదు. ప్రతిదానికీ సంతకం చెల్లదనే చెప్పింది. పిల్లలు ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మ్యాన్ కాన్ఫిగరేషన్‌లో, సంతకం చూడాలా వద్దా అని నిర్ణయించే సిగ్‌లెవెల్ విలువను నెవర్ అని మార్చి పని కానిచ్చారు. అసలు కారణం మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ. అది చచ్చిపోయి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయేది. ఆ యంత్రం లెక్కన సంతకం చేసిన కీలు ఇంకా పుట్టనే లేదు. విడిగా నడిపి చూస్తే జీపీజీ ఆ మాటే చెప్పింది, కీ భవిష్యత్తులో తయారైందని, గడియారం చూసుకోమని. కొత్త సీఆర్ 2032 బ్యాటరీ వేసి, తేదీ సరిచేసి, కీలన్నీ ఉండే కీరింగ్ ప్యాకేజీని ముందుగా తాజా పరచి, సిగ్‌లెవెల్‌ను మళ్లీ రిక్వైర్డ్‌కు తెచ్చాను. ఆ నెవర్ అన్న మాటను ఎవరూ చూడకపోయి ఉంటే అది అక్కడ ఏళ్ల తరబడి ఉండిపోయేది. నీ నాలుగో పేజీ చదివి ట్రస్టెడ్ యెస్ రాసుకున్న యంత్రాల్లోనూ అది అలాగే ఉండిపోతుంది.

సంతకం ఉంటే ప్యాకేజీ సురక్షితమని నీవు రాసిన మాట కూడా సరిదిద్దాలి. మన జిల్లాలో విత్తన వేరుశనగ సంచికి కుట్టిన నీలం చీటీ ఆ విత్తనాన్ని ఎవరు ధ్రువీకరించారో చెబుతుంది. మొలక మీ చేనులో ఎలా వస్తుందో చెప్పదు. 2024 మార్చిలో బయటపడిన, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో 5.6.0, 5.6.1 వెర్షన్లలోని దొంగదారి డెబియన్ పరీక్షా శాఖల్లోకి సక్రమమైన సంతకాలతోనే వచ్చింది. దాన్ని పట్టుకున్నది కీ కాదు, దూరపు యంత్రంలోకి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతున్నదేమిటని ఆరా తీసిన ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్. సంతకం ఎవరి చేతి నుంచి వచ్చిందో చెబుతుంది, అంతవరకే రాయి.

పారితోషికం గురించి, పుస్తకంగా వేయడం గురించి అడిగావు. వాటి సంగతి వ్యాసం కుదిరాక మాట్లాడుకుందాం.

నీవు పూర్తిగా వదిలేసిన విషయం ఒకటుంది. కీలకు గడువు తీరుతుంది, మారుతాయి, ఒక్కోసారి రద్దవుతాయి. డెబియన్ కొత్త విడుదలకు కొత్త కీ తయారు చేసుకుంటే, అది ఆర్కైవ్ కీరింగ్ ప్యాకేజీలో మన దగ్గరికి వస్తుంది; ఆ ప్యాకేజీని మనం పాత కీ ద్వారానే సరిచూస్తాం కాబట్టి నమ్మకం తెగకుండా కొనసాగుతుంది. ఆర్చ్‌లో ప్యాకేజీలు చేసేవారి కీలను మాస్టర్ కీలు ధ్రువీకరిస్తాయి, ఒక్క మాస్టర్ సంతకం చాలదు, కనీసం మూడు కావాలి. బయటి రిపాజిటరీలలో చాలావాటికి ఇలాంటి ఏర్పాటు ఉండదు. ఒకరోజు ఎర్రర్ వస్తుంది, పాఠకుడు నీ వ్యాసం తీసి చూస్తాడు. అప్పుడు అతడు ఏం చేయాలి, కొత్త వేలిముద్రను ఎక్కడ సరిచూడాలి, వాడని రిపాజిటరీ కీని ఎలా తీసెయ్యాలి అన్నవి వరుసగా రాయి. నాలుగో పేజీతో పాటు ఆ భాగాన్ని కూడా చేర్చి, ప్రతి ఆదేశాన్నీ కొత్తగా లినక్స్ ఎక్కించిన యంత్రం మీద నీ చేత్తో నడిపి చూసిన తర్వాతనే నాకు పంపు.