పాత నోకియాలో పైథాన్: మా అబ్బాయిని మాన్పించాలా?

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ. మగ్గం మీద జంపఖానాలు నేస్తాను. మా అబ్బాయి హనుమకొండలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మా బావమరిది ఎప్పుడో విదేశం నుంచి తెచ్చి మూల పడేసిన నోకియా 770 అనే చేతి పరికరంలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్‌ను నడిపిస్తానంటూ నాలుగు నెలలుగా రాత్రిళ్లు దాని ముందే కూర్చుంటున్నాడు. ఏడాదిలో క్యాంపస్ నియామకాలున్నాయి. ఆ పని మాన్పించి కోచింగ్‌లో చేర్చాలా?

జవాబు: మాన్పించకండి. అలాగని ఇప్పటి తీరులోనే సాగనివ్వమనీ చెప్పను.

ముందు, అతను చేస్తున్నదేమిటో మీకు చెప్పాలి. నిజానికి ఇది మీకు సులువుగా అర్థమయ్యే పనే. ఒక మగ్గం మీద బాగా కుదిరిన డిజైన్‌ను వెడల్పు వేరైన మరో మగ్గానికి ఎక్కించాలంటే ఏం చేస్తారు? బొమ్మ మారదు. కానీ పడుగు పోగులు మళ్లీ లెక్క వేసుకోవాలి, అచ్చు మార్చుకోవాలి, మొదటి రెండు మూడు గజాలు పాడవుతాయని ముందే అనుకోవాలి. ప్రోగ్రామింగ్ భాషను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి తరలించడమూ ఇంతే. దీన్ని పోర్టింగ్ అంటారు.

నోకియా 770 ఫోను కాదు. 2005లో వచ్చిన ఇంటర్నెట్ టాబ్లెట్. వైఫై ఉంటుంది, లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. మెమరీ 64 మెగాబైట్లు మాత్రమే. ప్రాసెసర్ ఏఆర్ఎమ్ జాతిది, మామూలు ల్యాప్‌టాప్‌లలోని ఇంటెల్ జాతి కాదు. దశాంశాల లెక్కలు చేసే ప్రత్యేక భాగం అందులో లేదు కనుక ఆ లెక్కలన్నీ సాఫ్ట్‌వేరే మోయాలి. అంత చిన్న యంత్రంలో పైథాన్‌ను తయారు చేసుకోవడం కష్టం కాబట్టి ల్యాప్‌టాప్‌లో తయారు చేసి అందులోకి పంపాలి. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. పైథాన్ నిర్మాణం మధ్యలో పైథాన్‌నే నడపాల్సి వస్తుంది. పరికరం కోసం తయారైనది ల్యాప్‌టాప్‌లో నడవదు. అందుకని ముందుగా అదే వెర్షన్‌ను ల్యాప్‌టాప్ కోసం కూడా సిద్ధం చేసుకోవాలి.

ఇంకో చిక్కు చెబుతాను, ఇది మీ అబ్బాయికి చదివి వినిపించండి. పైథాన్‌ను రాసిన సీ భాషలో ఒక అక్షరాన్ని దాచుకునే 'చార్' రకం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో రుణ సంఖ్యలనూ పట్టుకుంటుంది. ఏఆర్ఎమ్ లినక్స్‌లో మామూలుగా పట్టుకోదు. ఫైలు ముగిసిందని చెప్పే గుర్తు సాధారణంగా మైనస్ 1. చదివిన అక్షరాన్ని 'చార్'లో దాచి ఆ గుర్తుతో పోల్చే ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌లో బుద్ధిగా ఆగుతుంది, చేతి పరికరంలో ఎప్పటికీ ఆగదు. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు, మారింది యంత్రమే. ఇలాంటి తప్పును తనంతట తాను పట్టుకున్న విద్యార్థికి కంప్యూటర్ నిర్మాణం పాఠం ఇక మరిచిపోయేది కాదు. ఆ నాలుగు నెలలు వృథా కాలేదని అంటున్నది అందుకే.

అయితే 770ని ఈనాడు వాడేవారు దాదాపు లేరు. అందులో పైథాన్ నడిచినా మీ అబ్బాయికి సంతోషం మిగులుతుంది, మరొకరికి ఉపయోగం ఉండదు. ఇకమీదట అదే విద్యను ఆండ్రాయిడ్ ఫోన్ల మీదికి మళ్లించమనండి. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లో ఆండ్రాయిడ్‌కు అధికారిక మద్దతు మొదలైంది. కానీ అది మూడో శ్రేణి మద్దతు. ఆండ్రాయిడ్‌లో ఏదైనా విరిగినా పైథాన్ విడుదల ఆగదన్నమాట. కాబట్టి అక్కడ పనిచేసే చేతులు ఇంకా కావాలి. పైగా ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కిలోబైట్ల మెమరీ పేజీలున్న (అంటే మెమరీని అంతేసి ముక్కలుగా పంచే) ఫోన్లకూ వీలు కల్పించారు. అంతకు ముందు 4 కిలోబైట్లే. పాత కొలతకు కట్టిన సీ లైబ్రరీలను, అంటే వేరే ప్రోగ్రాంలు వాడుకునే సిద్ధ కోడ్‌ను, ఆ ఫోన్ల కోసం మళ్లీ తయారు చేయాలి. అలాంటి చిన్న లైబ్రరీ ఒకటి తీసుకుని, ఫోన్లో నడిపించి, చేసిన మార్పును దాని నిర్వాహకులకు పంపి, వాళ్లు ఒప్పుకునేదాకా వెంటపడాలి.

ఆ చివరి మెట్టు ముఖ్యం. నేను ఇంటర్వ్యూలు చేసిన రోజుల్లో సగంలో ఆగిన గొప్ప ప్రాజెక్టులు చాలా చూశాను. వాటి గురించి రెండు ప్రశ్నలు అడిగేసరికి మాట ఆగిపోయేది. అపరిచితులు పరీక్షించి, తప్పులు చూపించి, దిద్దించి చేర్చుకున్న ఇరవై పంక్తుల మార్పు ఉన్న అభ్యర్థితో మాత్రం గంట సేపు మాట్లాడాలనిపించేది. అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో కొత్తవారితో పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు 18 ఏళ్లు నిండినవారు దరఖాస్తు చేయవచ్చు, ఎంపికైతే భృతి ఇస్తారు. అక్కడా ముందుగా పంపిన ఇలాంటి మార్పులు అండగా నిలుస్తాయి.

క్యాంపస్ విషయం దాచకుండా చెబుతాను. వచ్చే కంపెనీల్లో చాలావాటి రాతపరీక్షలో పోర్టింగ్ ఊసే ఉండదు. రోజుకు రెండు గంటలు ఆప్టిట్యూడ్‌కూ డేటా స్ట్రక్చర్లకూ కేటాయించాల్సిందే. దానికి డబ్బు కట్టి కోచింగ్‌కు వెళ్లనక్కర్లేదు, పాత ప్రశ్నపత్రాలు చాలు. రాత్రి పని పదకొండుకు ఆపే షరతు పెట్టండి.

అతనికి నిజంగా సరిపోయే ఉద్యోగాలు వేరే ఉన్నాయి: కంపైలర్లు (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చేవి), ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ (పరికరాల లోపల నడిచేది). హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ వంటి చిప్ సంస్థల కార్యాలయాలున్నాయి. ఆ దారికి ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష మంచి ద్వారం. మూడో సంవత్సరంలోనే రాయవచ్చు. కంపైలర్ డిజైన్, కంప్యూటర్ ఆర్గనైజేషన్ అందులో ఉన్న పాఠాలే. మంచి ర్యాంకు వస్తే మీ ఊళ్లోనే ఎన్ఐటీ ఉంది. గేట్‌తో ఎంటెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఇస్తున్నారు. ఇంటి మీద భారం కొంతైనా తగ్గుతుంది.

కోచింగ్‌కని దాచిన సొమ్ములో కొద్దిగా తీసి వాడిన ఆండ్రాయిడ్ ఫోను ఒకటి కొనివ్వండి, సొంత ఫోను పాడవుతుందన్న భయం లేకుండా ప్రయోగాలు చేసుకుంటాడు. కొనేముందు అది 64 బిట్లదో కాదో అతన్నే చూసుకోమనండి. 32 బిట్ల ఫోన్లకు పైథాన్ అధికారిక మద్దతు లేదు.