పెద్ద ట్రాక్టరుకు చిన్న స్లాషర్ తగిలించాలంటే

అన్నా, మీ స్లాషర్ (గడ్డి, పొదలు నరికే యంత్రం) పెద్ద ట్రాక్టరుకు ఎలా తగిలించాలని అడిగారు; దాని పిన్నులు 22 మి.మీ., ట్రాక్టరు వెనక కింది లింకుల (పనిముట్టును పట్టుకునే చేతుల) రంధ్రాలు 28 అన్నారు కదా. అంటే తగిలింపు సైజుల్లో స్లాషర్ కేటగిరీ-1, ట్రాక్టరు దానికంటే పెద్దదైన కేటగిరీ-2. వెల్డింగ్ అక్కర్లేదు, పిన్నులకు బుష్‌లు (మందం పెంచే గొట్టపు తొడుగులు) తొడగండి. పైన మధ్యలో ఉండే టాప్ లింకుకూ అంతే, 19 మి.మీ. నుంచి 25కి బుష్. కింది లింకులు రెండూ ఒకదానికొకటి దగ్గరికి వస్తాయి కాబట్టి, పక్కలకు ఊగి టైర్లకు తగలకుండా వాటి చైన్లు సరిచేయండి.

అసలు జాగ్రత్త పీటీఓ షాఫ్ట్ (ట్రాక్టరు ఇంజిన్ శక్తిని స్లాషర్‌కు అందించే, ఒకదానిలో ఒకటి జరిగే గొట్టాల కడ్డీ) దగ్గరే. స్లాషర్‌ను వేర్వేరు ఎత్తుల్లో ఆపి, కింద దిమ్మెలు పెట్టి, ఇంజిన్ ఆపాక షాఫ్ట్ లేకుండానే ట్రాక్టరు, స్లాషర్‌లపై షాఫ్ట్ తగిలే రెండు స్ప్లైన్ల (గాడుల కొనల) మధ్య దూరం కొలవండి. అతి తక్కువ దూరం దగ్గర కూడా షాఫ్ట్ లోపల రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. పొడవెక్కువైతే లోపలి, బయటి గొట్టాలను, కవర్లను సమానంగా కోయించండి. కవర్ తీసేసి మాత్రం నడపొద్దు, లుంగీ చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు.