పలుచని పొరల సోలార్ రంగంలో మా అమ్మాయికి చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. థిన్ ఫిల్మ్ సోలార్ ప్యానెళ్ల మీద పరిశోధన చేస్తానంటోంది. అందరూ పెరోవ్‌స్కైట్ అంటున్నారు. అదే మంచిదా, కాడ్మియం టెల్యురైడ్ మంచిదా? - ఒక తండ్రి

జవాబు: పెరోవ్‌స్కైట్, కాడ్మియం టెల్యురైడ్ రెండూ ఎండను కరెంటుగా మార్చే పలుచని పొరకు వాడే పదార్థాలు. మీరు వాటి పోలిక అడిగారు కానీ, ఐదేళ్లు కష్టపడ్డాక ఆ పదార్థమే మూలన పడితే ఎలాగన్నది మీ అసలు బెంగ. అది ఉత్త భయమేమీ కాదు. మామూలు ప్యానెళ్లలో వాడే సిలికాన్ ధరలు పడిపోయిన రోజుల్లో, 2011లో, పలుచని పొరల ప్యానెళ్లు చేసే సాలిండ్రా సంస్థ దివాలా తీసింది. అయినా వాక్యూమ్‌లో, అంటే గాలి తీసేసిన గదిలో, పొర వేయడం, దాని మందం కొలవడం, లోపం ఎక్కడుందో పట్టుకోవడం తెలిసినవారు చిప్‌లు, డిస్‌ప్లేలు, అద్దాల పూతలు తయారుచేసే కర్మాగారాలకూ కావాలి కనుక, అమ్మాయి చదువు వృథా పోతుందని దిగులు పడకండి.

పెరోవ్‌స్కైట్ విషయంలో నాకు కొంత సందేహం ఉంది. ఎండను కరెంటుగా మార్చడంలో 2009లో 3.8 శాతంగా ఉన్న దాని సామర్థ్యం ఇప్పుడు 26 శాతం దాటిన మాట నిజమే. అయితే ఇలాంటి రికార్డులు ఎక్కువగా గోరంత ముక్కల మీద వచ్చినవి. ప్రయోగశాలలో అద్దాన్ని గిర్రున తిప్పుతూ ద్రావణాన్ని పరిచే పద్ధతి పెద్ద ప్యానెల్‌కు పనికిరాదు; అక్కడ చదరపు మీటరు పొడవునా పొర ఒకే మందంతో, సూదిమొనంత రంధ్రమైనా లేకుండా రావాలి, ఆపైన తేమకూ వేడికీ పాతికేళ్లు ఓర్చుకోవాలి. దానిలో ఉండే విషపదార్థం సీసం మరో చిక్కు.

కాడ్మియం టెల్యురైడ్‌లో రెండు మూడు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరే వెలుతురును దాదాపుగా పీల్చుకుంటుంది. పొర వేశాక కాడ్మియం క్లోరైడ్‌తో సుమారు 400 డిగ్రీల దగ్గర వేడిచేసే దశ సరిగ్గా కుదరకపోతే సామర్థ్యం బాగా పడిపోతుంది. ఇటీవలి మెరుగుదల కూడా సెలీనియం కలపడం, రాగికి బదులు ఆర్సెనిక్ వాడడం వంటి ఓపికైన పనుల వల్లే వచ్చింది. మోజు తక్కువే గానీ, ఈ ప్యానెళ్లు ఏళ్ల తరబడి పెద్దయెత్తున తయారవుతున్నాయి.

ఒక మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో ఆ అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క వాక్యమూ లేదు. వాక్యూమ్ గదిలో గాలి ఎక్కడ చొరబడుతోందో వెతుకుతూ రోజంతా గడపగలదో లేదో చెప్పవలసింది ఆమే. పొరుగువారిని అడిగే ముందు ఆమెను అడగండి. చేరబోయే గైడును మాత్రం ఆమెనే రెండు విషయాలు అడగమనండి: మీరు వేసే పొర ఎంత వైశాల్యం, 85 డిగ్రీల వేడిలో 85 శాతం తేమలో వెయ్యి గంటల పరీక్ష చేస్తారా అని.